వార్డులో థెరపీ మధ్యలోనే ఆగిపోతోందంటే

మానసిక వైద్య వార్డులో రోగులకి ఆరు సెషన్ల థెరపీ అనుకుంటే రెండో దానికే డిశ్చార్జ్ అవుతున్నారు, ఉన్నవాళ్లూ పావుగంటకే లేచిపోతున్నారు అన్నారు కదండీ. అక్యూట్ వార్డులో, అంటే జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లని కొద్దిరోజులే ఉంచే చోట, ప్రతి సెషన్‌నూ అదే మొదటిది, అదే ఆఖరిది అనుకుని ప్లాన్ చేయాలి. 20 నిమిషాలు, ఒకటే సమస్య, అంతే. 'ఇక్కడికి వచ్చేముందు ఏం జరిగింది?' అని అడిగి, ఏది రెచ్చగొట్టింది, ఏమనిపించింది, ఏం చేశారు, దాంతో ఏమైంది అనేవి ఒక్క కాగితం మీద వాళ్ల మాటల్లోనే రాయండి. ఒక కాపీ వాళ్లకి, ఒప్పుకుంటే ఇంకోటి నర్సులకి. చాలామంది వదిలేసేది ఇదే. రాత్రి డ్యూటీ నర్సుకి ఆ కాగితం సంగతి తెలియకపోతే, ఆందోళన పెరగ్గానే మీరు నేర్పిన శ్వాస వ్యాయామం కాకుండా మాత్రే ముందుకొస్తుంది. మత్తెక్కించే మందు వేసిన వెంటనే గానీ, డాక్టర్ల రౌండ్స్ వేళలో గానీ సెషన్ పెట్టుకోకండి. మేనియా (అదుపు తప్పిన ఉత్సాహం, హుషారు) ఉధృతంగా ఉన్నవాళ్లకి గ్రూపు సెషన్ వద్దు, విడిగా ఐదు నిమిషాలు మేలు. భ్రమలతో వాదించకండి, వాటి వల్ల పుట్టే భయం మీద పనిచేయండి. వాళ్లు ప్రాణాపాయం ఉన్న మాట చెబితే టీమ్‌కి తెలియజేస్తామని మాత్రం మొదట్లోనే వాళ్లకి చెప్పేయండి.