ఏ 1974 అని అడుగు, బిడ్డా

బిడ్డా,

ఇథియోపియా వెళ్ళి మెసెరెతె క్రిస్తోస్ అనే మెన్నోనైట్ క్రైస్తవ సంఘం పెరిగిన తీరును తెలుగులో రాస్తావట, మీ నాయిన ఫోన్ చేసి చెప్పాడు. విన్నప్పుడు కడుపు నిండిపోయింది. మన పాలమూరు మెన్నోనైట్ సంఘంలో పుట్టిన పిల్ల, ప్రపంచ మెన్నోనైట్ కుటుంబంలో అందరికన్నా పెద్దగా ఎదిగిన సంఘాల్లో ఒకదాని కథ రాయబోతోంది మరి. ఆ వెంటనే దిగులూ పట్టుకుంది. నా దిగులంతా తేదీల గురించే.

వీసా, టీకాలు, మందులు నువ్వే చూసుకోగలవు. అడిస్ అబాబా 2,300 మీటర్ల పైన ఉంటుంది, మొదటి రెండు రోజులు మెట్లు మెల్లగా ఎక్కు. అమ్హారిక్ అక్షరాలు ఇక్కడుండగానే నేర్చుకో. నెలల పేర్లు చదవడమైనా రాకపోతే విమానం ఎక్కొద్దు.

వాళ్ళ ఏడాది మనం వాడేదానికంటే ఏడెనిమిదేళ్ళు వెనక నడుస్తుంది. నెలలు పదమూడు. పన్నెండింటికి ముప్పయ్యేసి రోజులు, చివరి నెల పగుమేకి ఐదో ఆరో. కొత్త ఏడు మెస్కెరెమ్ 1న, మన సెప్టెంబరు 11న మొదలవుతుంది, కొన్నేళ్ళు 12న. అక్కణ్ణుంచి డిసెంబరు 31 దాకా వాళ్ళ సంవత్సరానికి 7 కలుపు, జనవరి 1 నుంచి 8 కలుపు. వాళ్ళ నాలుగో నెల తహ్సాస్ రెండు వైపులా పడుతుంది: మామూలు ఏడాదిలో 22 దాకా 7, 23 నుంచి 8. తహ్సాస్ అని మాత్రమే రాసి రోజు రాయని కాగితం కనబడితే ఏడు తేల్చకుండా వదిలెయ్, ఊహించి రాయొద్దు.

ఇప్పుడు అసలు గుంట చూపిస్తాను. దెర్గ్ అనే సైనిక ప్రభుత్వం ఈ సంఘాన్ని 1982 జనవరిలో మూసేసింది. ఆస్తులు లాక్కుంది, నాయకుల్లో కొందరిని నాలుగేళ్ళకు పైగా జైల్లో ఉంచింది. అదే సంగతి అమ్హారిక్‌లో రాస్తే 'తిర్ 1974' అవుతుంది, తిర్ వాళ్ళ ఐదో నెల. 1974 అనగానే నీకేం గుర్తొస్తుంది? హైలె సెలాసీ చక్రవర్తిని దించి దెర్గ్ గద్దెనెక్కిన ఏడు. కొత్త ప్రభుత్వం రాగానే సంఘాన్ని మూసేసిందని రాసేస్తావు, అది నిజంలాగే వినిపిస్తుంది. తర్వాత దెర్గ్ పడిపోయి సంఘం బయటికి వచ్చిన ఏడును ఏ ఇంగ్లీషు నివేదికలోనో చూసి 1991 అని వేస్తావు. తీసివేస్తే పదిహేడేళ్ళు. దెర్గ్ పాలన కూడా దాదాపు పదిహేడేళ్ళే! అందుకే ఈ తప్పు దిద్దేవాళ్ళ కంటికి కూడా ఆనదు. అమ్హారిక్ కాగితాన్ని, ఇంగ్లీషు కాగితాన్ని పక్కపక్కన పెట్టుకుని పనిచేసేవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు ఇందులో కాలు వేస్తారు. నేనూ వేశాను.

దీనివల్ల ఏం పోతుందో లెక్క కట్టి చూడు. మూసేనాటికి సభ్యులు సుమారు 5,000, తెరిచేనాటికి సుమారు 34,000. నిజానికి పట్టిన కాలం తొమ్మిదేళ్ళ పైచిలుకు, అంటే ఏటా సుమారు 23 శాతం. పదిహేడేళ్ళని రాస్తే అది 12 శాతానికి పడిపోతుంది. చీకట్లో వాళ్ళు పడ్డ పాటులో సగం నీ కలం తుడిచేసినట్టే. అంతకుముందు ఏడేళ్ళ పైచిలుకు కాలమూ మాయమవుతుంది. విప్లవం తర్వాత కూడా ఈ సంఘం తలుపులు తెరిచే ఉన్నాయి, చోటు లేని ములు వొంగేల్ అనే పెంతెకొస్తు సంఘపు విశ్వాసులను ఆదరించింది. ఆ ముచ్చట లేకపోతే తర్వాతి ఎదుగుదల ఆకాశం నుంచి ఊడిపడ్డట్టు ఉంటుంది.

నోటిమాటలో ఇంకా జాగ్రత్త. ఒక ముసలమ్మ 'డెబ్బై ఏడులో బాప్తిస్మం తీసుకున్నా' అంటే అది 1984–85, లోకమంతా చూసిన ఆ పెద్ద కరువు ఏడు. వాళ్ళకది డెబ్బై ఏడు కరువే. నువ్వు 1977 అని రాస్తే ఆమెను తీసుకెళ్ళి దెర్గ్ తన ఎదిరివాళ్ళను చంపించిన ఎర్ర బీభత్సం నడిమధ్యలో నిలబెడతావు.

కాబట్టి నోటుపుస్తకంలో రెండు గడులు గీయి. ఎడమ గడిలో వాళ్ళు చెప్పిన తేదీ చెప్పినట్టే, నెల పేరుతో సహా. కుడి గడి ఆ రోజు ఖాళీగా ఉంచి, రాత్రి గదికి వచ్చాక నింపు. ఎదురుగా మనిషి మాట్లాడుతుంటే లెక్కలు చేయొద్దు. కరువుకు ముందా తర్వాతా, నాయకులు జైలు నుంచి రాకముందా వచ్చాకా అని ఒక్క ప్రశ్న వేస్తే చాలు, తేదీ దానంతటదే తేలుతుంది. గడియారమూ అంతే, తెల్లవారి ఆరు నుంచి లెక్క. మూడింటికి రమ్మంటే పొద్దున తొమ్మిదికి వెళ్ళు.

సభ్యుల సంఖ్య దగ్గర ఒక్క మాట. వీళ్ళు పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు కాబట్టి సభ్యుల పట్టీలో పిల్లలు ఉండరు. లూథరన్లయిన మెకానె యెసుస్ సంఘం లెక్కలో ఉంటారు. ఆ రెండు అంకెలను ఒకే పట్టికలో పక్కపక్కన వేయకు.

పేర్లకు మన ఇంటిపేరు లాంటిది లేదు, రెండో పేరు తండ్రిది. సూచికలో మొదటి పేరు కిందే పెట్టు.

కాఫీ పోస్తే మొదటి కప్పుకే లేవకు. అబోల్, తోన, బెరెక అని మూడు వరసలు ఉంటాయి. ఆ నిర్బంధపు రోజుల్లో పట్టుమని పదిమంది కూడా కాకుండా ఒక ఇంట్లో చేరేవాళ్ళు, ఒక్కొక్కరుగా వచ్చి ఒక్కొక్కరుగా వెళ్ళేవాళ్ళు, గొంతు బయటికి వినబడకుండా పాడేవాళ్ళు. అలా బతికినవాళ్ళు మొదటి కప్పుకే మనసు విప్పరు. ఆడవాళ్ళను విడిగా కూర్చోబెట్టి అడుగు, ఇల్లు ఇచ్చింది వాళ్ళే. ఎవరి ఇంట్లో చేరారో, ఎవరు భయపడి మానేశారో చెబితే విను, కానీ పేరు అచ్చులో వేసేముందు మళ్ళీ అడుగు. వద్దంటే వద్దు. ఈ మాట మాత్రం కోపంగానే రాస్తున్నాను.

రాసిన మొదటి నలభై పేజీలు నాకు పంపు, తల్లీ. ఎడమ గడి కూడా ఫోటో తీసి పంపు. కళ్ళజోడు మార్పించుకున్నాను, చిన్న అక్షరాలైనా చదవగలను.

నీ పెద్దనాయిన