పాలసీలో రెంటల్ ఉండగా కౌంటర్ దగ్గర మళ్లీ ఎందుకు కొనాలి?

ప్రశ్న: మేము న్యూజెర్సీలో ఉంటున్నాము. వానలో జారి మా కారు స్తంభాన్ని ఢీకొనడంతో రిపేరుకు ఇచ్చాము. అద్దె కారు కోసం వెళితే, కౌంటర్‌లో ఉన్నాయన డ్యామేజ్ వేవర్ (అద్దె కారుకు దెబ్బ తగిలినా మన నుంచి వసూలు చేయకుండా డబ్బు కట్టి తీసుకునే హామీ) కూడా తీసుకోమని గట్టిగా చెప్పారు. మా కారు బీమా పాలసీలో రెంటల్ 30/900 అని ఉంది కనుక అక్కర్లేదన్నాను. నేను చేసింది సరైనదేనా? ఆ అంకెలకు అర్థమేమిటి?
– ఒక పాఠకురాలు

జవాబు: వేవర్ వద్దనడం తప్పు కాకపోవచ్చు గానీ, అందుకు మీరు చెప్పిన కారణం మాత్రం సరైనది కాదు. 30/900 అన్నది మీరు అద్దెకు తెచ్చుకున్న కారుకు రక్షణ కాదు. మీ సొంత కారు షెడ్డులో ఉన్నన్నాళ్లూ మీరు కట్టే అద్దెలో బీమా సంస్థ రోజుకు 30 డాలర్ల వరకు, ఒక ప్రమాదానికి మొత్తం మీద 900 డాలర్ల వరకు భరిస్తుందని మాత్రమే దాని అర్థం. విడిభాగాలు రాక రిపేరు 40 రోజులు పట్టిందనీ, మీ అద్దె రోజుకు 45 డాలర్లనీ అనుకోండి. మొత్తం 1,800 అవుతుంది. మొదటి 30 రోజుల్లోనే సంస్థ ఇచ్చే 900 అయిపోతుంది. మిగతా 900 మీ చేతి నుంచే పోతుంది. పెట్రోలు, డిపాజిట్, కౌంటర్‌లో కొన్న వేవర్ సాధారణంగా ఈ లెక్కలోకి రావు. పైగా ఈ సొమ్ము పాలసీ వర్తించే ప్రమాదానికే తప్ప, ఇంజిన్ మొరాయించినందుకో సర్వీసింగ్‌కు ఇచ్చినందుకో ఇవ్వరు. కారు బాగుచేయడానికి పనికిరాదని తేల్చితే, పరిహారం ఎంతో చెప్పిన కొద్ది రోజులకే అద్దె చెల్లింపు ఆగిపోతుంది.

ఇక అద్దె కారుకు మీ వల్ల దెబ్బ తగిలితే ఆదుకునేవి వేరు. మామూలు వ్యక్తిగత పాలసీల్లో మీ కారుకున్న లయబిలిటీ (ఎదుటివారికి మీ వల్ల కలిగే నష్టానికి), కొలిజన్ (ఢీకొని కారుకు తగిలే దెబ్బకు), కాంప్రహెన్సివ్ (దొంగతనం, వడగళ్లు వంటి వాటికి) రక్షణలు అమెరికా, కెనడాలలో మీరు స్వల్పకాలానికి అద్దెకు తీసుకునే కారుకూ వర్తిస్తాయి. అంటే మీ పాలసీలో ఏముందో అద్దె కారుకూ అంతే. పాత కారే కదా అని లయబిలిటీ మాత్రమే ఉంచుకున్నవారికి అద్దె కారు సొట్టకు పైసా కూడా రాదు. మీరు మీ కారుకు కొలిజన్ క్లెయిమ్ చేసి ఉంటే ఆ రక్షణ మీకు ఉన్నట్టే. అయితే డిడక్టిబుల్, అంటే క్లెయిమ్‌లో మీ వంతుగా పడే మొదటి మొత్తం మాత్రం మీరే కట్టాలి.

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది, దీన్ని ఎవరూ ముందుగా చెప్పకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. దెబ్బతిన్న కారును బాగుచేయించే రోజుల్లో దాన్ని ఇంకొకరికి ఇవ్వలేకపోయామంటూ, అద్దె సంస్థ ఆ రోజుల అద్దెను కూడా మీ దగ్గర అడుగుతుంది. దీన్ని లాస్ ఆఫ్ యూజ్ అంటారు. దానికి తోడు కాగితాల ఖర్చనీ, రిపేరైన కారుకు విలువ తగ్గిందనీ మరికొంత కలుపుతుంది. కొన్ని పాలసీలు ఇవన్నీ ఇస్తాయి, కొన్ని లాస్ ఆఫ్ యూజ్‌కు పరిమితి పెడతాయి, విలువ తగ్గుదలను చాలావరకు ఇవ్వవు. ఆ కారు నిజంగానే ఆ రోజుల్లో అద్దెకు పోయేదని చూపే రికార్డు బీమా సంస్థ అడిగినప్పుడు అద్దె సంస్థ ఇవ్వకపోతే, ఇద్దరి మధ్యా నలిగేది మీరే. మిన్నెసోటా వంటి చోట్ల మాత్రం అద్దె కారు నష్టం మీ పాలసీలో చేరి ఉండాలని చట్టమే నిర్దేశిస్తుంది.

కౌంటర్‌లో అమ్మే వేవర్ బీమా కాదు. నష్టాన్ని మీ నుంచి వసూలు చేయబోమని అద్దె సంస్థ ఇచ్చే మాట. ఒప్పందంలో పేరు లేనివారు నడిపినా, తాగి నడిపినా ఆ మాట చెల్లదు. కానీ అది ఉంటే డిడక్టిబుల్, లాస్ ఆఫ్ యూజ్ బెడద సాధారణంగా తప్పుతుంది, క్లెయిమ్ మీ పాలసీ మీదికి రాదు. రెండు మూడు రోజుల అవసరానికైతే ఆ ఖర్చు పెట్టడం దుబారా కాదన్నది నా అభిప్రాయం. నెలల తరబడి తీసుకునేవారికి మాత్రం భారమే.

క్రెడిట్ కార్డు కూడా కొంత ఆదుకుంటుంది. అద్దె మొత్తం ఆ కార్డు మీదే కట్టి, వేవర్ వద్దన్నప్పుడే అది పనిచేస్తుంది. చాలా కార్డుల్లో మీ పాలసీ ఇచ్చాక మిగిలినదే ఇస్తారు, ఎదుటివారికి జరిగిన గాయాలకు ఏమీ ఇవ్వరు.

మీరు ఇప్పటికే అద్దె కారు నడుపుతున్నారు కనుక, కొలిజన్ అద్దె కారుకు వర్తిస్తుందా, లాస్ ఆఫ్ యూజ్ ఎంత వరకు ఇస్తారు, మీ ఇంట్లో నడిపే ప్రతి ఒక్కరి పేరూ ఉందా అని ఏజెంటును అడిగి జవాబు రాతలో తీసుకోండి. కారు నాలుగు వైపులా, చక్రాలకూ ముందు అద్దానికీ ఇవాళే ఫోటోలు తీసుకొని, తిరిగి అప్పగించేటప్పుడు సంస్థ మనిషి సమక్షంలో మళ్లీ తీయండి.