వేడినీటి బుగ్గల ఊరు కోలుకుందా?

ప్రశ్న: జపాన్‌లోని అతామి నగరం ఒకప్పుడు వెలిగి, చితికిపోయి, పర్యాటకం వల్ల మళ్లీ కోలుకుందని విన్నాను. నిజమేనా?

జవాబు: సగం మేరకు నిజం. సముద్రపు ఒడ్డున వేడినీటి బుగ్గలున్న ఈ ఊరు, 1964లో షింకన్‌సెన్ అనే అతివేగ రైలు మొదలయ్యాక టోక్యోకు గంటలోపు ప్రయాణమై, కంపెనీలు ఉద్యోగులను గుంపుగా తీసుకొచ్చే విహారయాత్రలకు పెట్టింది పేరయింది. ఆ గుంపుల కోసం కట్టిన పెద్ద హోటళ్లు స్నానం, భోజనం, వినోదం అన్నీ లోపలే అమర్చడంతో అతిథులు గడప దాటే పనే లేకపోయింది. వీధి దుకాణాలకు ఆ సందడిలో దక్కింది తక్కువే. 1990ల ఆరంభంలో ఆర్థిక బుడగ పేలి, అంటే అతిగా పెరిగిన భూముల, షేర్ల ధరలు కుప్పకూలి, కంపెనీ యాత్రలు తగ్గేసరికి హోటళ్లూ ఒక్కొక్కటిగా మూతపడ్డాయి.

2006లో నగర యంత్రాంగం తన ఖజానా సంక్షోభంలో ఉందని బహిరంగంగా ప్రకటించింది. అప్పును దాచకుండా చెప్పడమే అసలు మలుపని నా అభిప్రాయం. ఆ తర్వాత టీవీ బృందాల చిత్రీకరణకు నగర ఉద్యోగులే దగ్గరుండి సాయపడ్డారు. స్థానిక యువకులు పాత బజారు వీధిలో ఖాళీ దుకాణాలను కాఫీ హోటలుగా, చవక బసగా మార్చి, ఒంటరి యాత్రికులనూ జంటలనూ వీధుల్లోకి రప్పించారు. 2011లో సుమారు 25 లక్షలకు పడిపోయిన బస అతిథుల సంఖ్య 2015కల్లా 30 లక్షలు దాటింది.

జనాభా మాత్రం తగ్గుతూనే ఉంది. 1965లో సుమారు 54 వేలున్న ఊరిలో ఇప్పుడు 35 వేల లోపే ఉన్నారు. వారిలో దాదాపు సగం 65 ఏళ్లు పైబడినవారే. వారాంతపు రద్దీ చూసి ఊరు పెరుగుతోందని అనుకోకూడదు. 2025 ఏప్రిల్ నుంచి నగరం ఒక్కో అతిథి వద్ద రాత్రికి 200 యెన్ల బస పన్ను వసూలు చేస్తోంది.