మత్తు లేకుండా కంటానన్న మేనకోడలికి

చి.ల.సౌ. మేనకోడలికి అత్త ఆశీస్సులు.

నడుముకు ఇచ్చే మత్తు ఇంజక్షన్ వద్దని, నొప్పులు ఓర్చుకుని మామూలుగానే కంటానని నీవు నిశ్చయించుకున్నట్టు మీ నాన్న ఫోనులో చెప్పాడు. ఉద్యోగమంతా పురుళ్ల వార్డులోనే గడిపిన దానిని కనుక ఈ కబురుకు నేను మురిసిపోతానని వాడి నమ్మకం. మురిసిపోయాను కూడా, కానీ ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. కారణం ముందుకు చెబుతాను.

హిమోగ్లోబిన్ 11కు తగ్గకుండా చూసుకో, ఐరన్ మాత్రలు మానకు, పూటకింత నడువు. ఇవన్నీ మీ డాక్టరమ్మ చెప్పే ఉంటారు.

నొప్పి వచ్చినప్పుడు ఒళ్లు బిగుసుకుంటుంది, బిగుసుకున్న కొద్దీ నొప్పి మరింత తెలుస్తుంది. అందుచేత ఒంటిని వదులు చేయడం ఇప్పటి నుంచే అలవాటు చేసుకోవాలి. ముక్కుతో గాలి పీల్చి, వేడి పాలను ఊదినట్టు నోటితో నెమ్మదిగా వదులు. వార్డులో నేను నొప్పులు పడే పిల్ల ముఖం కంటే ముందు కాలి వేళ్లు చూసేదానిని. వేళ్లు ముడుచుకున్నాయంటే పళ్లు కూడా బిగబట్టిందని అర్థం. “దవడ వదులు చెయ్యి తల్లీ” అంటే కాసేపటికి వేళ్లు వాటంతటవే విచ్చుకునేవి. వెల్లకిలా పడుకోకు, కడుపు బరువు వెన్నును ఆనుకుని ఉన్న పెద్ద రక్తనాళాల మీద పడితే బిడ్డకు అందే రక్తం తగ్గుతుంది. మంచం పట్టుకుని ముందుకు వంగి నిలబడు, నడువు, అలసిపోతే ఎడమ పక్కకు ఒత్తిగిలు. నడుము మీద గోరువెచ్చని నీళ్లు పోయించుకో. మూత్రం ఆపుకోకు. తొలి కాన్పులో గర్భసంచి ముఖద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకోవడానికే చాలా గంటలు పట్టవచ్చు. అక్కడి నుంచి 10 కావడానికి సాధారణంగా 12 గంటలు మించదు. కాబట్టి మొదటి నొప్పికే బలమంతా ఖర్చు చేసుకోక, తేలికగా ఏదైనా తిని కునుకు తీయి.

ఇక నిద్ర పట్టని సంగతి. “ఆసుపత్రికి ముందే వెళ్తే సూదులు గుచ్చుతారు, నొప్పులు బాగా ముదిరేదాకా ఇంట్లోనే ఉంటాను” అన్నావట. అది విన్నప్పటి నుంచి మీ పెద్దత్తే నా కళ్ల ముందు మెదులుతోంది.

అక్కకు అది రెండో కాన్పు, భీమిలిలో అత్తవారింట ఉంది. పెద్దపిల్ల సులువుగా పుట్టింది కనుక ఎవరికీ బెంగ లేదు. ఒక ఉదయం నొప్పులు లేకుండానే ఉమ్మనీరు పోయింది. నొప్పులు రాలేదు కదా, అమావాస్య ఘడియలు సాయంత్రానికి పోతాయి కదా అని అత్తగారు ఆగమన్నారు. చీర కుచ్చిళ్ల మీద ఆకుపచ్చ మరక అక్క కంట పడింది, కానీ అదేమిటో తెలియక ఎవరితోనూ అనలేదు. చీర తానే ఉతికి దండెం మీద ఆరవేసింది. బిడ్డ కడుపులోనే మలవిసర్జన చేస్తే నీటికి ఆ రంగు వస్తుంది, లోపల బిడ్డ అవస్థ పడుతున్నదనడానికి అది గుర్తు కావచ్చు. చీకటి పడ్డాక బయలుదేరితే దారిలోనే నొప్పులు మొదలయ్యాయి, ఆసుపత్రికి చేరేసరికి బిడ్డ గుండె చప్పుడు బాగా నెమ్మదించింది. నీకు బావ కావలసిన ఆ పిల్లవాడు పుట్టాక ఏడవలేదు. మా అక్క ఆ చీర మళ్లీ కట్టలేదు.

అందుచేత ఉమ్మనీరు పోతే తెల్లటి గుడ్డ పెట్టుకుని రంగు చూడు. తేటగా ఉన్నా సరే డాక్టరుకు ఫోన్ చేసి బయలుదేరు. పచ్చగా గాని ఎర్రగా గాని ఉంటే ఒక్క నిమిషం కూడా ఆగవద్దు. బిడ్డ కదలికలు తగ్గినా, రక్తం కనిపించినా, విపరీతమైన తలనొప్పి వచ్చి కళ్లు మసకబారినా అంతే. ఇవేవీ లేకపోతే, అయిదు నిమిషాలకొకటి చొప్పున, ఒక్కొక్కటి నిమిషం పాటు, గంటసేపు నొప్పులు వరసగా వచ్చేదాకా ఇంట్లో ఉండవచ్చునని చెబుతారు. కానీ నీవు ఉండేది మధురవాడలో, ఆసుపత్రి మహారాణిపేటలో. హనుమంతవాక, మద్దిలపాలెం దాటి రావాలి కనుక ఇంకాస్త ముందే కదులు. తెల్లవారుజామున బీచ్ రోడ్డు మీద ఆశ పెట్టుకోకు, నడిచేవారి కోసం కొంత మేర వాహనాలు ఆపేస్తారు.

అన్నీ వద్దు, వద్దు అని డాక్టరుకు పెద్ద జాబితా ఇచ్చావట! బిడ్డ పుట్టిన వెంటనే తొడకు ఇచ్చే ఇంజక్షన్‌ను అందులోంచి కొట్టివేయి. అది నొప్పి తెలియకుండా చేసేది కాదు, గర్భసంచి ముడుచుకుని రక్తస్రావం ఆగడానికి ఇచ్చేది. కుట్లు పడితే అక్కడ తిమ్మిరి మందు వేయించుకో, ఆ బాధ పడినందువల్ల ఒరిగేదేమీ లేదు. నొప్పులు పెరగడానికి డ్రిప్ పెడితే అవి మరీ దట్టంగా వస్తాయి; అప్పుడు మత్తు కావాలనిపిస్తే అడుగు. నిన్ను ఎవరైనా ఒక్క మాట అంటే నాకు చెప్పు.

గదిలో తోడు మనిషి ఉండవచ్చునని కేంద్ర ప్రభుత్వం 2016లోనే సర్కారు ఆసుపత్రులకు చెప్పింది. మీ ఆసుపత్రి వారిని కూడా ఇప్పుడే అడుగు. ఒక్కరినే రానిస్తామంటే మీ ఆయనే ఉండాలి, నేను బయట కూర్చుంటాను. కాకపోతే అల్లుడికి నడుము ఎక్కడ ఒత్తాలో, ఎంత గట్టిగా ఒత్తాలో తెలియదు. ఈ ఆదివారం అతన్ని సీతమ్మధార పంపించు, నేర్పిస్తాను. మధ్యాహ్నం భోజనం ఇక్కడే.

మీ అత్త