నల్ల చుక్కను ఊహించుకుంటే సైట్ తగ్గుతుందా?

మీరు అడిగింది ఇది: "నల్ల చుక్కను మనసులో నిలుపుకోవడం, అక్షరాన్ని స్పష్టంగా ఊహించుకోవడం లాంటి సాధనలతో కంటిచూపు సహజంగా మెరుగవుతుందని అంటున్నారు. నిజమేనా? అద్దాలు తీసేసి మొదలుపెట్టవచ్చా?"

అద్దాలు తీయకండి. సాధన కావాలంటే చేసుకోండి. కొన్నాళ్ళకు చూపు బాగుపడినట్టే అనిపిస్తుంది, కానీ పవర్ రవ్వంత కూడా తగ్గదు. ఈ రెండు మాటలూ నిజమే. అయినా ఇలాంటి ప్రశ్న కింద ఒక వర్గం మొదటి మాటే పట్టుకుని ఊరేగుతుంది, ఇంకో వర్గం రెండోది పట్టుకుని "అంతా మోసం" అని తీసిపారేస్తుంది. నాకు ఇద్దరితోనూ పేచీ ఉంది. ఎందుకంటే ఈ తతంగం మా ఇంట్లోనే నడిచింది.

మా బాబాయికి చదువుకునే రోజుల నుంచీ సైట్. రెండు కళ్ళకూ మైనస్ 3 అటూ ఇటూ. రిటైరయ్యాక తీరిక దొరికి, ఎవరో చెబితే బేట్స్ పద్ధతి పట్టుకున్నాడు. ఈ బేట్స్ న్యూయార్క్‌లో కంటి డాక్టరు. 1920లో సొంతంగా పుస్తకం వేసుకుని, అద్దాలే అక్కర్లేదని వాదించాడు. మనసు బిగబట్టుకోవడం వల్ల కంటి బయటి కండరాలు బిగుసుకుని గుడ్డు ఆకారం మారిపోతుందని, మనసు సడలితే చూపు దానంతటదే సరిగ్గా నిలుస్తుందని ఆయన సిద్ధాంతం. మనసు సడలిందని తెలిసేదెలా? ఒక చిన్న నల్ల చుక్కను చెక్కుచెదరకుండా గుర్తుతెచ్చుకోగలగాలి. చుక్క నల్లగా నిలిస్తే చూపు నిలిచినట్టే.

బాబాయి ఏది పట్టుకున్నా సగంలో వదిలే మనిషి కాదు. హాల్లో గోడకు చార్టు కొట్టాడు. పెద్ద 'ఇ' పైన, కింద 'ఎఫ్ పి', దాని కింద 'టి ఓ జెడ్', అలా దిగుతూ పోయే మామూలు చార్టే. రోజూ పొద్దున్నే కుర్చీలో కూర్చుని, అరచేతులతో కళ్ళు మూసుకుని, చుక్కను తలుచుకునేవాడు. తర్వాత చేతులు తీసి చార్టు చదివేవాడు. మొదట్లో 'టి ఓ జెడ్' దగ్గరే తడబడేవాడు. పోనుపోను అయిదో వరస, 'పి ఇ సి ఎఫ్ డి', గడగడా చదవడం మొదలైంది. ఇంటికి ఎవరొచ్చినా ఆ ప్రదర్శన తప్పదు. మా అందరినీ కూడా అద్దాలు తీయమని ఒకటే పోరు.

ఒకరోజు బాబాయి స్నానానికి వెళ్ళినప్పుడు పిన్ని చప్పుడు చేయకుండా పాత చార్టు తీసేసి, అదే సైజులో ఇంకోటి అవే మేకులకు తగిలించింది. పైన 'ఇ' అలాగే ఉంది, మిగతా అక్షరాలన్నీ వేరు. నేను అక్కడే కాఫీ తాగుతూ కూర్చున్నాను. నోరు విప్పొద్దని నావైపు వేలు చూపించింది.

బాబాయి వచ్చాడు, కళ్ళు మూసుకున్నాడు, తెరిచాడు, అందుకున్నాడు. ఎఫ్ పి. టి ఓ జెడ్. ఎల్ పి ఇ డి. పి ఇ సి ఎఫ్ డి. ఒక్కచోట కూడా ఆగలేదు.

"అయిదో వరసలో నాలుగోది మళ్ళీ చెప్పండి" అంది పిన్ని.

"ఎఫ్ కదే."

"ఓ ఏమో?"

"గుండ్రంగా ఎక్కడుంది? పైన రెండు గీతలు, కింద వట్టి కాడ. కాడ కింద తెల్లగా కూడా కనబడుతోంది నాకు."

అక్కడ ఉన్నది 'ఓ'. పిన్ని చెప్పాక బాబాయి లేచి చార్టువైపు నడిచాడు. సగం దూరంలో ఆగి, తల పక్కకు వంచి, మళ్ళీ ఇంకో రెండడుగులు వేశాడు. ఆ అక్షరాలు ఆయన కళ్ళముందే మారిపోయాయేమో అన్నట్టుంది మొహం. కాసేపటికి "ఇది ఎప్పుడు పెట్టావు?" అన్నాడు.

ఇంట్లోవాళ్ళంతా బట్టీపట్టి చెప్పాడని తేల్చేశారు. నేను ఒప్పుకోను. బట్టీపట్టినవాడు అక్షరం పేరు చెబుతాడు గానీ కాడ కింద తెలుపు సంగతి చెప్పడు. బాబాయికి ఆ 'ఎఫ్' కనిపించింది. మసక మీద జ్ఞాపకం వచ్చి కూర్చుంది, ఆయన చూసింది ఆ జ్ఞాపకాన్నే.

ఇందులో వింత కూడా ఏమీ లేదు. రోజంతా మనందరం చేస్తున్నది అదే. చేయి చాచి పట్టుకుంటే బొటనవేలి గోరు ఎంత మేర కప్పుతుందో, ఒక చూపులో మనకు నిజంగా సూక్ష్మంగా కనిపించేది దాదాపు అంతే. మిగతాదంతా కళ్ళు గబగబా తిప్పి ఏరుకున్న ముక్కలతో మెదడు కట్టుకున్న బొమ్మ. ప్రతి కంట్లోనూ నరం బయటికి వెళ్ళే చోట ఏమీ కనిపించని మచ్చ ఒకటుంది. కుడికన్ను ఒక్కదానితో సూటిగా చూస్తే కుడిపక్కకు 15 డిగ్రీల దగ్గర పడుతుంది. అక్కడ ఎప్పుడైనా బెజ్జం కనిపించిందా? చుట్టూ ఏ రంగుంటే ఆ రంగు పులిమేస్తుంది మెదడు. అద్దాలు లేకుండా దూరంగా ఉన్న పేపరు హెడ్డింగు చూడండి. ప, వ, ష, మ అన్నీ ఒకేలా అలుక్కుపోయి ఉంటాయి. అయినా తెలిసిన మాటైతే చదివేస్తాం. అదే ముక్కూమొహం తెలియని పేరైతే దొరికిపోతాం.

ఇంకో సంగతి. అద్దాలు తీసేసి కొంతసేపు గడిపితే మెదడు ఆ మసకకు అలవాటుపడుతుంది. చార్టులో ఒకటో అరో వరస ఎక్కువ చదవగలుగుతాం, యంత్రంతో పరీక్షిస్తే పవర్ అలాగే ఉంటుంది. "నాకు నిజంగానే మెరుగైంది" అని చెప్పేవాళ్ళలో చాలామంది అబద్ధం చెప్పడం లేదు. వాళ్ళు కొలుస్తున్నది కన్నును కాదు, అంతే.

కన్ను దగ్గరికొస్తే లెక్క మొండిది. పెద్దవాళ్ళ కంటిగుడ్డు పొడవు సుమారు 24 మిల్లీమీటర్లు. అది ఒక్క మిల్లీమీటరు ఎక్కువ సాగితే దాదాపు మైనస్ 3 పవర్ వచ్చిపడుతుంది. ఆ సాగిన మిల్లీమీటరును చుక్కను తలుచుకుని వెనక్కి లాగడం ఎవరివల్లా కాదు. దూరానిదీ దగ్గరిదీ చూడటానికి కన్ను చేసుకునే సర్దుబాటంతా బేట్స్ బయటి కండరాలదేనన్నాడు. కానీ ఆ పని లోపలి లెన్స్ చేస్తుంది. దాన్ని 19వ శతాబ్దంలోనే జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ చూపించాడు.

ఊహకు కంటిమీద అసలు పట్టే లేదనీ అనలేం. 2014లో ఓస్లో విశ్వవిద్యాలయం వాళ్ళు ఒక ప్రయోగం ప్రచురించారు. ఎండకాసే ఆకాశాన్ని ఊహించుకోమంటే కంటిపాప చిన్నదైంది, చీకటి గదిని ఊహించుకోమంటే పెద్దదైంది. కంటిపాప చిన్నదైతే మసక కాస్త తగ్గుతుంది. కళ్ళు చికిలించినప్పుడు జరిగేది కూడా ఇంచుమించు అదే. ఆ లెక్కన నల్లదనాన్ని తలుచుకోమన్న బేట్స్ సలహా తిరగబడిందని నా గట్టి అభిప్రాయం. తలుచుకోవాల్సింది మిట్టమధ్యాహ్నాన్ని. బాబాయితో అంటే మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

కొందరికి నిజంగానే పవర్ తగ్గుతుంది, దాని కారణం వేరు. ఎడతెగకుండా దగ్గరి పని చేసేవాళ్ళలో లెన్స్‌ను ఆడించే కండరం బిగుసుకుపోయి, లేని మైనస్ చూపిస్తుంది. విశ్రాంతినిస్తే అది పోతుంది. ఆ కండరాన్ని సడలించే మందు కంట్లో వేసి పరీక్షిస్తే అసలుదేదో దొంగదేదో బయటపడుతుంది. సాధన మొదలుపెట్టేముందు అలా ఒకసారి చూపించుకుంటే తర్వాత ఘనత ఎవరిదన్న గొడవ ఉండదు.

అన్నట్టు, "ఈ వయసులో అద్దాలు లేకుండా పేపరు చదువుతున్నా" అని మురిసిపోయే పెద్దాయన మీకూ తెలిసే ఉంటాడు. మా బాబాయి రెండో గొప్ప అదే. మైనస్ 3 ఉన్నవాడికి 33 సెంటీమీటర్ల దూరం ఏ కష్టమూ లేకుండా స్పష్టంగా కనిపిస్తుంది, చత్వారం వచ్చినా సరే. సాధన చేయకపోయినా చదువుతాడు. ఇంకొందరికి చదువుకునే అద్దాలు ఉన్నట్టుండి అక్కర్లేకుండా పోతాయి. అది తరచూ శుక్లం ముదురుతోందనడానికి గుర్తు. లెన్స్ మధ్యభాగం గట్టిపడి మైనస్ వైపు జరగడం వల్ల దగ్గరిది తేటగా కనిపిస్తుంది. సంబరపడి డాక్టరు దగ్గరికి వెళ్ళడం మానేస్తారు.

నా భయమల్లా ఇక్కడే. గ్లాకోమాలో, అంటే కంటినరం దెబ్బతినే జబ్బులో, చూపు సాధారణంగా పక్కల నుంచి పోతూ వస్తుంది. పోయిన చోట నల్లగా ఏమీ కనబడదు, మెదడు అక్కడ కూడా ఏదో ఒకటి నింపేస్తుంది. అలా పోయిన చూపు తిరిగి రాదు. "నాకు బాగానే కనిపిస్తోంది" అన్న మీ మాటను మీరే నమ్మకండి. కంటి ప్రెషర్, కంటినరం ఎలా ఉన్నాయో డాక్టరు చూసి చెప్పాలి. ఎక్కువ మైనస్ ఉన్నవాళ్ళకు మెరుపులు కనిపించినా, కంటికి అడ్డంగా తెర దిగుతున్నట్టున్నా అరచేతులు పెట్టుకుని కూర్చోకుండా ఆరోజే పరుగెత్తాలి. ఈ పద్ధతిలోనే సూర్యుడి వైపు చూసే సాధన కూడా చెబుతారు. అది అసలు వద్దు, రెటీనా కాలిపోతుంది. పైన నష్టం లేదనే ధోరణిలో అన్నది అరచేతులు, చుక్క, ఊహల వరకే. అద్దాలు లేకుండా బండి నడపడం కూడా సాధన కింద లెక్కేయకండి. రోడ్డు మీద అడ్డొచ్చేవాడు మీ జ్ఞాపకంలో ఉండడు.

చివరిగా, కళ్ళు పరీక్షించేవాళ్ళ మీద నా పాత ఫిర్యాదు ఒకటుంది. కుడికంటితో చార్టంతా చదివించి, ఎడమకంటికీ అదే చార్టు పెడతారు. అప్పటికి అక్షరాలు నోటికొచ్చేసి ఉంటాయి. డచ్ కంటి డాక్టరు స్నెల్లెన్ 1862లో చార్టు తయారుచేసినప్పుడు మార్చడం కష్టమై ఉండొచ్చు. ఇప్పుడు తెర మీద ఒక్క బటన్ నొక్కితే వేరే అక్షరాలు వస్తాయి. అయినా బద్ధకం. మీరు వెళ్ళినప్పుడు రెండో కంటికి అక్షరాలు మార్చమని అడగండి. అవే అని మొండికేస్తే ప్రతి వరసా కుడి నుంచి ఎడమకు చదవండి.