టెక్ సందేహాలు: అక్షరాస్యత సంస్థకి డేటా సాయం చేసేటప్పుడు

పెద్దలకి అక్షరాలు నేర్పే సంస్థలకి, చదవడంలో వెనకబడ్డ పిల్లలకి పాఠాలు చెప్పే సంస్థలకి ఉచితంగా డేటా పని చేసిపెడుతున్నవాళ్ళ నుంచి ఈమధ్య ప్రశ్నలు ఎక్కువగా వస్తున్నాయి. అందుకే ఈసారి ఫోన్లూ ల్యాప్‌టాప్‌లూ పక్కన పెట్టి వాటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. సెలవు రోజుల్లో ఒక అక్షరాస్యత సంస్థకి సాయం చేస్తున్నాను. మూడేళ్ళ ఎక్సెల్ ఫైళ్ళు ఇచ్చి డాష్‌బోర్డు చేసిపెట్టమన్నారు. పవర్ బీఐ మంచిదా, లుకర్ స్టూడియో మంచిదా?

జవాబు: అంకెల్ని చార్టులుగా చూపించే ఆ రెండు సాఫ్ట్‌వేర్లూ ప్రస్తుతానికి వద్దు. ముందు వాళ్ళని ఒక్క మాట అడగండి: ఈ అంకెలు చూశాక మీరు ఏం మారుస్తారు? ‘ఏ కేంద్రానికి ఇంకో టీచర్ని పంపాలో తేల్చుకుంటాం’ అన్నా, ‘రావడం మానేసినవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి మాట్లాడతాం’ అన్నా ఎక్సెల్‌లోనే అంకెల్ని గుంపులవారీగా కూడి చూపించే ఒక పివట్ టేబుల్ సరిపోతుంది. జవాబే రాకపోతే ఎంత అందమైన డాష్‌బోర్డు చేసినా దాన్ని తెరిచేవాళ్ళు ఉండరు.

అసలు శ్రమంతా ఆ ఫైళ్ళలో ఉంటుంది. ఒక్కో కేంద్రం ఒక్కో తీరులో రాసి ఉంటుంది. నెలకో షీటు, కలిపేసిన సెల్స్, రంగు వేసి ‘ఎరుపంటే మానేశారు’ అనుకోవడం మామూలే. రంగుని ఫార్ములాలు చదవలేవు. మొదట అసలు ఫైళ్ళకి ఒక కాపీ తీసి, దాన్ని ఎవరూ ముట్టుకోని చోట దాచండి. తర్వాత అంతా ఒకే పట్టికలోకి తెచ్చి, ఒక మనిషి రాసిన ఒక పరీక్షకి ఒక వరస చొప్పున పెట్టండి. రంగులో ఉన్న సమాచారానికి విడిగా ఒక కాలమ్ ఇవ్వండి.

పేర్ల దగ్గర ఓపిక కావాలి. తెలుగులో టైపు చేసిన పేర్లు కంటికి ఒకేలా కనిపించినా కంప్యూటర్‌కి వేరువేరు కావచ్చు. కొన్ని కీబోర్డులు పొల్లు తర్వాత కంటికి కనిపించని ఒక అక్షరాన్ని చేరుస్తాయి. దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. ‘కరీమ్’ అని రెండుసార్లు ఉండి, ఒకదాని చివర అది ఉంటే, ఒకే మనిషి ఇద్దరుగా లెక్కకి రావచ్చు. ట్రిమ్, క్లీన్ ఫంక్షన్లు దాన్ని తీసెయ్యవు. సబ్‌స్టిట్యూట్ ఫంక్షన్‌లో యూనిచార్‌కి 8204 ఇచ్చి ఖాళీతో మార్చాలి. అయితే అసలు పేరున్న కాలమ్‌లో ఈ పని చెయ్యకండి. ‘రాజ్‌కుమార్’ లాంటి పేర్లు సరిగ్గా కనపడాలంటే మధ్యలో ఆ అక్షరం ఉండాల్సిందే. పోల్చడానికి పక్కన వేరే కాలమ్ పెట్టుకుని అందులో మాత్రమే తీసెయ్యండి.

‘లక్ష్మి’, ‘లక్ష్మీ’ ఒకరేనా అన్నది ఏ ఫార్ములా తేల్చలేదు. ఓపెన్‌రిఫైన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇలా దగ్గరగా ఉన్న పేర్లని గుంపులుగా చూపిస్తుంది. అది మీ కంప్యూటర్‌లోనే నడుస్తుంది కాబట్టి పేర్లు బయటికి పోవు. ఆ గుంపులు పట్టుకుని టీచర్ దగ్గర కూర్చోండి. ‘ఈ ఇద్దరూ అక్కాచెల్లెళ్ళండీ, ఒకరు కాదు’ అని ఆవిడ చెప్పేది మీకు ఏ ఫైల్లోనూ దొరకదు. అది తేలాక ఒక్కొక్కరికి ఒక నంబరు ఇచ్చేయండి. ఇకముందు పేరుతో కాకుండా ఆ నంబరుతోనే అన్నీ కలపాలి.

హాజరు పట్టీలు పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫార్మాట్‌లో ఉంటే ఇప్పుడే మార్చేయండి. అందులో ఒక షీటుకి 65,536 వరసలే పడతాయి. 400 మంది 200 రోజులు వస్తే, రోజుకి ఒక వరస చొప్పున 80,000 అవుతాయి. 2020లో ఇంగ్లండ్‌లో దాదాపు 16 వేల కోవిడ్ కేసులు లెక్కలోకి రాకుండా పోయింది ఈ పాత ఫార్మాట్ పరిమితి వల్లే. ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌లో 10,48,576 వరసలు పడతాయి.

ప్రశ్న: పాఠాలు మొదలైనప్పుడు ఒకసారి, చివర ఒకసారి అందరిచేతా చదివించి, నిమిషానికి ఎన్ని పదాలు తప్పు లేకుండా చదివారో లెక్కపెడతాం. ఈ ఏడాది సగటు 28 నుంచి 36కి పెరిగింది. దాతలకి పంపే నివేదికలో ఇలాగే రాయొచ్చా?

జవాబు: ఇంకో అంకె చూడకుండా రాయకండి. చివరి పరీక్షకి ఎంతమంది వచ్చారు?

ఎందుకంటే, ఎవరూ ఒక్క పదం కూడా కొత్తగా నేర్చుకోకపోయినా మీ సగటు ఇలాగే పెరగొచ్చు. మొదట 100 మంది ఉన్నారనుకుందాం. వాళ్ళలో 60 మంది నిమిషానికి 40 పదాలు, 40 మంది 10 పదాలు చదివారు. సగటు 28. చదవలేనివాళ్ళలో 30 మంది మధ్యలో మానేశారు. మిగిలిన 70 మందీ చివర కూడా మొదట్లో చదివినంతే చదివారు. అప్పుడు సగటు దాదాపు 36. సాయం ఎక్కువగా కావాల్సినవాళ్ళు వెళ్ళిపోయారు, కాగితం మీద మాత్రం ప్రగతి కనిపించింది.

మీ కేంద్రాల్లో ఇదే జరిగిందని అనడం లేదు. జరిగిందో లేదో చూడటం పది నిమిషాల పని. రెండు పరీక్షలూ రాసినవాళ్ళని మాత్రమే తీసుకుని, వాళ్ళ మొదటి సగటునీ చివరి సగటునీ పోల్చండి. మానేసినవాళ్ళు ఎందరో, మొదట్లో ఎంత చదివేవారో దాని పక్కనే రాయండి. మంచి దాత ఆ రెండో అంకె చూసి కోప్పడడు, ‘వాళ్ళెందుకు మానేశారు’ అని అడుగుతాడు. అది అడగాల్సిన ప్రశ్నే.

రెండు పరీక్షల్లో ఇచ్చిన పేరాలు ఒకే స్థాయిలో ఉన్నాయా అన్నదీ చూడండి. చివరిది తేలికైతే అంకె దానంతటదే పెరుగుతుంది. ఇంకోటి, మొదటి పరీక్షలో మరీ తక్కువ వచ్చినవాళ్ళని ఏరి వాళ్ళకి మాత్రమే పాఠాలు చెబితే, రెండోసారి వాళ్ళ సగటు పాఠాలు లేకపోయినా కొంత పెరుగుతుంది. ఆ రోజు జ్వరమొచ్చో, భయపడో చదవలేకపోయినవాళ్ళు కూడా వాళ్ళలో ఉంటారు కదా.

నాకైతే సగటు కన్నా మెట్లవారీ లెక్క నచ్చుతుంది. ప్రథమ్ సంస్థ 2005లో మొదలుపెట్టిన అసర్ సర్వే ఈ పద్ధతినే వాడుతుంది. అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ, వీటిలో పిల్లలు ఎక్కడిదాకా చదవగలరో నమోదు చేస్తుంది. తూర్పు ఆఫ్రికాలో ఉవెజో అనే సర్వే కూడా ఇలాంటి దారిలోనే నడిచింది. ‘అక్షరాల దగ్గర ఆగిపోయినవాళ్ళలో ఇంతమంది పదాలకి చేరారు’ అంటే టీచర్‌కి, తల్లిదండ్రులకి, దాతకి అందరికీ అర్థమవుతుంది. నిమిషానికి పదాల లెక్క ఉంచుకున్నా ఫర్వాలేదు. అలాంటప్పుడు ఒక్క పదం కూడా చదవలేక సున్నా తెచ్చుకున్నవాళ్ళ శాతాన్ని విడిగా చూపించండి. సగటులో వాళ్ళు కనపడకుండా పోతారు.

ప్రశ్న: విద్యార్థుల జాబితా ఏఐ చాట్‌బాట్‌కి ఇచ్చి విశ్లేషించమనొచ్చా? పేర్లు తీసేసే ఇస్తాను.

జవాబు: పేర్లు తీసేస్తే చాలదు. పుట్టిన తేదీ, ఆడా మగా, తపాలా జిప్ కోడ్, ఈ మూడింటితోనే అమెరికా జనాభాలో 87 శాతం మందిని విడిగా గుర్తుపట్టొచ్చని లటానియా స్వీనీ అనే పరిశోధకురాలు 2000లో చూపించారు. ఒక చిన్న కేంద్రంలో ‘62 ఏళ్ళ మహిళ, అక్షరాల స్థాయి’ అని ఉంటే ఆవిడెవరో అక్కడివాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది. చదువు రాదన్న సంగతి చాలామంది ఏళ్ళ తరబడి దాచుకుంటారు. వాళ్ళు సంస్థని నమ్మి చెప్పారు, మిమ్మల్ని కాదు. ఫార్ములా ఎలా రాయాలో తెలియకపోతే కల్పిత పేర్లు, కల్పిత అంకెలతో నాలుగు వరసలు రాసి చాట్‌బాట్‌ని అడగండి. వచ్చిన ఫార్ములాని అసలు ఫైల్లో మీరే వాడుకోండి.

ప్రశ్న: మా కేంద్రాల్లో నెట్ సరిగా రాదు. గూగుల్ ఫామ్స్‌తో ఇబ్బందిగా ఉంది.

జవాబు: కోబోటూల్‌బాక్స్ గానీ ఓడీకే గానీ చూడండి. రెండింటికీ ఆండ్రాయిడ్ యాప్‌లున్నాయి. నెట్ లేనప్పుడు ఫారం ఫోన్లోనే భద్రంగా ఉంటుంది, నెట్ రాగానే పంపొచ్చు. ప్రశ్నలు తెలుగులోనే పెట్టుకోవచ్చు. కేంద్రం పేరు, స్థాయి లాంటివి టైపు చెయ్యనివ్వకుండా జాబితాలోంచి ఎంచుకునేలా పెట్టండి.

ప్రశ్న: సీఎస్‌వీ ఫైలు ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగంతా పిచ్చి గుర్తులుగా వస్తోంది.

జవాబు: ఫైలుపై డబుల్ క్లిక్ చెయ్యకండి. ఖాళీ ఎక్సెల్ తెరిచి, డేటా ట్యాబ్‌లో ‘ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ’ నొక్కి, యూటీఎఫ్-8 ఎంచుకోండి. అయినా రాకపోతే ఆ ఫైలు యూనికోడ్ కాని పాత ఫాంట్లతో టైపు చేసినదేమో చూడండి. అదైతే ముందు కన్వర్టర్‌తో మార్చాలి.

ప్రశ్న: వచ్చే నెల నుంచి నాకు కుదరదు. షీట్లన్నీ నా ఆఫీసు గూగుల్ ఖాతాలో ఉన్నాయి. యాజమాన్యం సంస్థకి మార్చడం కుదరడం లేదు.

జవాబు: ఆఫీసు ఖాతాల నుంచి బయటి ఖాతాలకి యాజమాన్యం మార్చడానికి సాధారణంగా వీలుండదు. సంస్థ పేరు మీద ఒక ఖాతా తెరిపించండి, దాని పాస్‌వర్డ్ సంస్థలో ఇద్దరి దగ్గర ఉండాలి. ఆఫీసు నియమాలు ఒప్పుకుంటే ఆ ఖాతాతో షీటు షేర్ చేసి, అక్కడి నుంచి ‘మేక్ ఎ కాపీ’ చేయించండి. ఫార్ములాలు వస్తాయి, పాత వెర్షన్ల చరిత్ర మాత్రం రాదు. కాపీలో అన్నీ పనిచేస్తున్నాయని చూసుకున్నాక మీ ఆఫీసు ఖాతాలో ఉన్నవి తొలగించి, చెత్తబుట్ట కూడా ఖాళీ చెయ్యండి. వెళ్ళేలోపు ఒక నెల లెక్క మీరు చెయ్యకుండా, షీటు చూసుకునే టీచర్ చేతే చేయించండి. ఆవిడ ఎక్కడ ఆగి మిమ్మల్ని అడిగితే, అక్కడ ఏం చెయ్యాలో ఆ షీటు పైభాగంలోనే తెలుగులో రాసిపెట్టండి.