సగటు చూసి మురిసిపోకు, అమ్మలూ

చిరంజీవి అమ్మలుకు పెదనాన్న ఆశీస్సులు.

"సగటు లేటెన్సీ 9 మైక్రోసెకన్లు వచ్చింది పెదనాన్నా" అని నిన్న నువ్వు ఫోన్లో చెబుతుంటే నీ గొంతులో సంతోషం విని నాకూ ఆనందమేసింది. కానీ తల్లీ, ఆ 9తో మనకు పని లేదు. లేటెన్సీ అంటే మెసేజ్ పంపినప్పటి నుంచి అందేదాకా పట్టే సమయం. మీ మెషీన్లో సెన్సార్ చదివే థ్రెడ్ (ప్రోగ్రామ్‌లో విడిగా నడిచే ఒక పని) మిల్లీసెకనుకో మెసేజ్ పంపుతుంది, మోటార్ నడిపే థ్రెడ్ దాన్ని అందుకుంటుంది. లక్ష మెసేజ్‌లు 9 మైక్రోసెకన్లలో చేరి, ఒక్కటి మాత్రం 3,000 తీసుకుందనుకో. సగటు 9 దగ్గర నుంచి కదలదు. మోటార్ మాత్రం ఆ ఒక్కదానికే దెబ్బ తింటుంది. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని ఇదంతా రాస్తున్నాను.

ముందు ఏ రెండు క్షణాల మధ్య కొలుస్తున్నావో కాగితం మీద రాసుకో. పంపే థ్రెడ్ మెసేజ్‌ను క్యూలో పెట్టబోయే ముందు టైమ్ చదివి, ఆ మెసేజ్‌లోనే రాయాలి. అందుకునే థ్రెడ్ నిద్ర లేచి, మెసేజ్ చేతికి రాగానే, ఇంకే పనీ మొదలుపెట్టకముందు మళ్లీ చదవాలి. టైమ్ చదవడానికి, ఎప్పుడూ ముందుకే నడిచే క్లాక్ మోనోటోనిక్ వాడు. తేదీ, గంటలు చూపే క్లాక్ రియల్‌టైమ్‌ను ఎవరైనా సరిచేస్తే అది ముందుకో వెనక్కో గెంతుతుంది. రానుపోను కొలిచి రెండుతో భాగించానన్నావు, అది వద్దు. ఒకే కంప్యూటర్లో రెండు కోర్లూ చూసే గడియారం ఒక్కటే కాబట్టి ఒకవైపు ప్రయాణాన్నే నేరుగా కొలవొచ్చు. ఒక థ్రెడ్ నిద్రలోంచి లేవాల్సి వచ్చి, రెండోది మెలకువగా కాచుకుని ఉంటే రెండు ప్రయాణాలూ సమానం కావు, భాగిస్తే ఆ తేడా మాయమవుతుంది. గడియారం చదవడానికీ కొంత సమయం పడుతుంది. వెంటవెంటనే రెండుసార్లు చదివి తేడా చూడు, అలా పది లక్షల సార్లు చేసి ఆ లెక్క పక్కన పెట్టుకో.

2024 నవంబర్‌లో వచ్చిన లినక్స్ 6.12 నుంచి, గడువు ఉన్న పనులు ఆలస్యం కాకుండా చూసే ప్రీఎంప్ట్ ఆర్‌టీ ప్రధాన కెర్నెల్లోనే (లినక్స్ మూల భాగంలోనే) ఉంది. మా రోజుల్లోలా ప్యాచ్ వెతుక్కునే బాధ మీకు లేదు. కానీ కెర్నెల్ కొత్తదైనంత మాత్రాన అది ఆన్ అయి ఉండదు. యూనేమ్ కమాండ్ చూపించే వరుసలో ఆ పేరు కనిపించాలి. రెండు థ్రెడ్లనూ షెడ్ ఫైఫో అనే రియల్‌టైమ్ పద్ధతిలో, అసలు మెషీన్లో ఉండబోయే ప్రయారిటీలతోనే నడుపు. పరీక్ష కోసమని అన్నిటికంటే పెద్దదైన 99 ఇవ్వకు.

మెమరీ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. చాలా ఏళ్ల కిందట మేం ఒక ప్యాకింగ్ మెషీన్‌కు కంట్రోలర్ చేశాం. మధ్యాహ్నం పది నిమిషాలు పరీక్షించాం, అంకెలు చక్కగా వచ్చాయి, పంపేశాం. కొన్నాళ్లకు అర్ధరాత్రి దాటాక ఒక్కోసారి మెషీన్ తడబడుతోందని కబురొచ్చింది. రెండు వారాలు నిద్ర లేదు. చివరికి తేలిందేమిటంటే, రాత్రి 12 గంటలకు లాగ్ ఫైలు మారేటప్పుడు మా పంపే థ్రెడ్ కొత్తగా మెమరీ అడిగేది, ఆ మెమరీని మొదటిసారి తాకగానే పేజ్ ఫాల్ట్ వచ్చేది, అంటే కెర్నెల్ ఆ మెమరీని సిద్ధం చేసేదాకా థ్రెడ్ ఆగేది. మధ్యాహ్నం పరీక్షలో ఆ దారిలోకి ప్రోగ్రామ్ ఒక్కసారి కూడా వెళ్లలేదు. అందుకే ప్రోగ్రామ్ మొదలవగానే, దాని మెమరీని ర్యామ్‌లోనే బిగించే ఎమ్‌లాక్‌ఆల్ పిలువు. కొలతలు దాచుకునే అర్రేను ముందే కేటాయించి, మొత్తం ఒకసారి రాసి ఉంచు. కొలిచే లూప్‌లో ప్రింట్ఎఫ్ ఒక్కటి కూడా ఉండకూడదు. కొలతలన్నీ అయ్యాకే ఫైలుకు రాయి.

ఖాళీగా ఉన్న మెషీన్ మీద మంచి అంకెలు వస్తాయనుకుంటావు. చాలాసార్లు తిరగబడుతుంది. పని లేని కోర్ గాఢనిద్రలోకి వెళ్తుంది, మెసేజ్ వచ్చాక లేవడానికి దానికి సమయం కావాలి. ప్రాసెసర్ వేగాన్ని నిర్ణయించే గవర్నర్‌ను పెర్ఫార్మెన్స్‌లో పెట్టు. సీపీయూ డీఎంఏ లేటెన్సీ అనే డివైస్ ఫైలు తెరిచి సున్నా రాసి, పరీక్ష అయ్యేదాకా దాన్ని మూయకు. మూసిన క్షణం పాత అలవాటుకు పోతుంది. మీది ఇండస్ట్రియల్ పీసీ కదా, బయోస్ ఒక్కోసారి కెర్నెల్‌కు కూడా తెలియకుండా ప్రాసెసర్‌ను లాక్కుని తన పని చేసుకుంటుంది. ఎస్ఎంఐలనే ఆ అంతరాయాలను పట్టుకోవడానికి హెచ్‌డబ్ల్యూల్యాట్‌డిటెక్ట్ ఉంది. ముందు దాన్నీ, తర్వాత థ్రెడ్ ఎంత ఆలస్యంగా లేస్తుందో కొలిచే సైక్లిక్‌టెస్ట్‌నూ నడుపు. మెసేజ్ ఊసే లేకుండా టైమర్‌కు థ్రెడ్ లేవడానికే 80 మైక్రోసెకన్లు పడుతుంటే, నీ క్యూ కోడ్‌ను ఎంత చెక్కినా లాభం లేదు.

ఇప్పుడు నీ ప్రోగ్రామ్‌లో నాకు అన్నిటికంటే దిగులు కలిగించిన చోటు. జవాబు వచ్చాకే నువ్వు తర్వాతి మెసేజ్ పంపుతున్నావు. ఎక్కడో 5 మిల్లీసెకన్లు ఆగిపోతే నీ లెక్కలో ఒక్క ఆలస్యమే పడుతుంది. అసలు మెషీన్లో ఆ వ్యవధిలో ఐదు మెసేజ్‌లు రావాలి, అన్నీ ఆలస్యమవుతాయి. ఆర్టీసీ బస్సు గంట లేటైతే ఒక్క ఆలస్యం అని రాసుకుంటామా, స్టాప్‌లో పడిగాపులు పడ్డ వాళ్లందరినీ లెక్కేయాలి కదా! థ్రెడ్‌ను నిద్రపుచ్చే క్లాక్ నానోస్లీప్‌ను యాబ్సొల్యూట్ టైమ్‌తో (ఫలానా సమయానికి లేవమని చెప్పి) వాడి, జవాబుతో నిమిత్తం లేకుండా సరిగ్గా మిల్లీసెకనుకొకటి పంపు. మెసేజ్‌లో పంపిన సమయంతో పాటు పంపాల్సిన సమయం కూడా రాయి.

తర్వాత లోడ్. మెషీన్ మీద కావాలని భారం మోపే స్ట్రెస్-ఎన్‌జీ, హ్యాక్‌బెంచ్ నడుపు, నెట్‌వర్క్ మీద పెద్ద ఫైలు కాపీ చెయ్, డిస్క్‌కు రాయించు. మీ రెండు థ్రెడ్లకూ మధ్య ప్రయారిటీలో ఒక మూడో థ్రెడ్ పెట్టి దాన్ని ఊపిరాడకుండా తిప్పు. ఎందుకంటే 1997 జూలై 4న అంగారకుడి మీద దిగిన నాసా నౌక పాత్‌ఫైండర్‌కు జరిగింది అదే. వాతావరణం కొలిచే చిన్న ప్రయారిటీ టాస్క్, మెసేజ్ పంపేటప్పుడు ఒక మ్యూటెక్స్ (ఒకసారికి ఒకరే పట్టుకోగల తాళం) పట్టుకుంది. పెద్ద ప్రయారిటీ బస్ టాస్క్ దానికోసం ఆగింది. ఈలోగా మధ్య ప్రయారిటీ టాస్క్ వచ్చి చిన్నదాన్ని కదలనివ్వలేదు. బస్ టాస్క్ పని గడువులోగా అవకపోయేసరికి కంప్యూటర్ మొత్తం రీసెట్ అయ్యేది. భూమ్మీదున్న నకలు మీద ఇంజనీర్లు దాన్ని మళ్లీ రప్పించి, ఆ మ్యూటెక్స్‌కు ప్రయారిటీ ఇన్‌హెరిటెన్స్ (తాళం పట్టుకున్న చిన్న టాస్క్‌కు, దానికోసం ఆగిన పెద్దదాని ప్రయారిటీని అప్పటికి ఇవ్వడం) ఆన్ చేసి సరిదిద్దారు. నా మనసులో నాటుకుపోయింది ఇంకొకటి: ఆ రీసెట్ ప్రయోగానికి ముందు పరీక్షల్లోనే కనిపించింది, మళ్లీ రప్పించలేకపోయారు. కాబట్టి, ఏ ఆలస్యం ఎన్నిసార్లు వచ్చిందో చూపే హిస్టోగ్రామ్ చివర ఒంటరిగా నిలబడ్డ ఒక్క చుక్కను చూసి "ఏదో పొరపాటు" అని తుడిచేయకు. అది ఎప్పుడొచ్చిందో టైమ్ రాసుకో, లేటెన్సీ నువ్వు పెట్టిన హద్దు దాటగానే, కెర్నెల్ చేసే పనులను నమోదు చేసే ఎఫ్‌ట్రేస్ ఆగిపోయేలా పెట్టు. ఆ క్షణంలో ఆ కోర్ మీద ఎవరున్నారో ట్రేస్ చూపిస్తుంది.

ఒక గుర్తు. అందుకునే థ్రెడ్ నిద్రపోకుండా తిరుగుతూనే ఉండే పద్ధతిలో 50 మిల్లీసెకన్ల దగ్గర చుక్కలు కనిపిస్తే కంగారు పడకు. మామూలు థ్రెడ్లు ఆకలితో చావకుండా కెర్నెల్ ప్రతి సెకనులో ఆ 50 వాటికి అట్టేపెడుతుంది.

శనివారం సాయంత్రం లోడ్ అంతా పెట్టి వదిలెయ్, ఆదివారం పొద్దున్న హిస్టోగ్రామ్ ఫైలు పంపు. దాంతో పాటు కెర్నెల్ కమాండ్ లైన్, బయోస్ సెట్టింగుల ఫోటో కూడా పంపు, లేకపోతే ఆ అంకెలు ఏ మెషీన్‌వో నాకు తెలియదు. ఈసారి సగటు అసలు రాయనే రాయొద్దు. గరిష్ఠం ఎంత, ఎన్ని మెసేజ్‌లలో, ఏ లోడ్ కింద, అంతే.

పెద్దమ్మ నీకు ఆవకాయ కట్టి ఉంచింది, వచ్చే నెల వచ్చినప్పుడు తీసుకెళ్లు.

ఆశీస్సులతో,
నీ పెదనాన్న